ఇంతకన్నా మేలు లేదన్న నిర్ధారణ: కోత లెక్కలు, దారి లెక్కలు

పన్నెండు మీటర్ల ఇనుప కడ్డీలను కట్టడానికి కావలసిన రకరకాల పొడవులకు కోయించవలసి వచ్చినప్పుడు ఎన్ని కడ్డీలు కొంటే సరిపోతుంది, డిపో నుంచి బయలుదేరిన పెట్రోలు ట్యాంకరు ఏ బంకు తరువాత ఏ బంకుకు వెళితే తక్కువ దూరం తిరుగుతుంది, విమానయాన సంస్థ తన సిబ్బందిని ఏ వరుసలో ఏ ప్రయాణాలకు పంపితే జీతభత్యాల ఖర్చు తగ్గుతుంది అన్న ప్రశ్నలు పైకి వేర్వేరు వృత్తులకు చెందినవిగా కనిపించినా గణితంలో ఒకే కుటుంబానికి చెందుతాయి. వీటన్నిటిలోనూ ఎంపికల సంఖ్యకు అంతు ఉంది, ఏ ఒక్క ఎంపికకైనా అయ్యే ఖర్చును కూడికతో తేల్చవచ్చు. కష్టమంతా ఆ ఎంపికలు ఎవరూ వరుసబెట్టి చూడలేనంత పెద్ద సంఖ్యలో ఉండడం వల్ల వస్తుంది. ఇలాంటి చోట అతి తక్కువ ఖర్చయ్యే ఎంపికను, లేదా అతి ఎక్కువ ఫలితమిచ్చే ఎంపికను పట్టుకోవడాన్ని ఆప్టిమైజేషన్ అనీ, అందుకు యంత్రమైనా మనిషైనా తడుముకోకుండా అనుసరించగల అంచెల క్రమాన్ని అల్గారిథమ్ అనీ వ్యవహరిస్తారు.

ఈ పద్ధతుల గురించి పాఠకులకు పరిచయం చేసే వ్యాసాలు సాధారణంగా మంచి జవాబు ఎంత త్వరగా దొరుకుతుందన్న దానిమీదే చూపు నిలుపుతాయి. విషయంలో అది సగం, బహుశా తక్కువ విలువైన సగం. అనుభవమున్న రాడ్ బెండింగ్ మేస్త్రీకీ, ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్ల మీదనే తిరుగుతున్న డ్రైవరుకూ మంచి జవాబు చాలాసార్లు దొరుకుతూనే ఉంటుంది. వారికి దొరకనిదీ, గణితం మాత్రమే ఇవ్వగలిగినదీ, ఇంతకన్నా మేలైనది ఎక్కడా లేదన్న రుజువు. గత శతాబ్దపు ఆప్టిమైజేషన్ చరిత్రను ఆ రుజువు కోసం సాగిన వెదుకులాటగా చదివితే, విడివిడిగా కనిపించే చాలా పద్ధతులు ఒక తోవన పడతాయి. ఈ స్మారకోపన్యాసం ఒక గణితాధ్యాపకుని పేర ఏర్పాటైనది గనుక, పేర్లను ఏకరువు పెట్టడం కన్నా ఒక చిన్న లెక్కను నల్లబల్ల మీద చేసినట్టు చివరిదాకా చేసి చూపడం ఆయన స్మృతికి ఎక్కువ తగినది.

అంతకు ముందు ఎంపికల సంఖ్య ఎంత వేగంగా పెరుగుతుందో ఒకసారి చూడవలసి ఉంటుంది. కొన్ని ఊళ్ళను ఒక్కొక్కసారే చూసి బయలుదేరిన ఊరికి తిరిగి చేరే దారుల్లో అతి చిన్నదాన్ని కనుక్కోవడాన్ని ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య అంటారు. 10 ఊళ్ళకు అలాంటి దారులు 1,81,440. 15 ఊళ్ళకు నాలుగు వేల కోట్లు దాటతాయి. సెకనుకు వంద కోట్ల దారులను కొలవగల యంత్రం ఉన్నదనుకుంటే 20 ఊళ్ళ లెక్కకు రెండేళ్ళకు కాస్త తక్కువ పడుతుంది, 25 ఊళ్ళకు దాదాపు 98 లక్షల ఏళ్ళు పడుతుంది. యంత్రం వేగాన్ని వెయ్యి రెట్లు పెంచినా రెండు మూడు ఊళ్ళకు మించి కలిసిరాదు గనుక, కంప్యూటర్లు బలపడితే ఈ సమస్యలు వాటంతటవే తీరిపోతాయన్న నమ్మకానికి ఆధారం లేదు.

ఇప్పుడు కోత లెక్క. ఒక కట్టడానికి 5 మీటర్ల ముక్కలు 60, మూడున్నర మీటర్ల ముక్కలు 80 కావాలి. అంగడిలో దొరికే కడ్డీ పొడవు 12 మీటర్లు. కోతలో పోయే తరుగును లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ఒక కడ్డీని కోసే తీరును కోత నమూనా అనవచ్చు. మిగులును వీలైనంత తగ్గిస్తూ కోస్తే నమూనాలు మూడే: 5 మీటర్లవి రెండు తీసి 2 మీటర్లు వదిలేయడం, మూడున్నరవి మూడు తీసి ఒకటిన్నర మీటరు వదిలేయడం, 5 మీటర్లది ఒకటి, మూడున్నరవి రెండు తీసి ఏమీ వదలకపోవడం. ఏ రకం ముక్కలను ఆ రకంగా విడిగా కోయిస్తే మొదటి నమూనాకు 30 కడ్డీలు, రెండవదానికి 27 కడ్డీలు, మొత్తం 57 అవుతాయి. మూడవ నమూనాలో 40 కడ్డీలు కోస్తే మూడున్నర మీటర్ల ముక్కలన్నీ, 5 మీటర్లవి 40 వచ్చేస్తాయి, మిగిలిన 20 ముక్కలకు మొదటి నమూనాలో 10 కడ్డీలు చాలు, మొత్తం 50. ఏడు కడ్డీలు మిగిలాయి, మంచిదే. కాని 49తో కుదరదని ఎలా తెలుస్తుంది? కావలసిన ముక్కల పొడవులన్నీ కూడితే 580 మీటర్లు, దాన్ని 12తో భాగిస్తే 48 పైచిలుకు వస్తుంది గనుక, పొడవుల లెక్క ఒక్కటే చూస్తే 49 సాధ్యం కాదనడానికి వీల్లేదు.

ఇక్కడే ఈ శాస్త్రంలోని అసలైన ఉపాయం అడుగుపెడుతుంది. ఒక్కొక్క ముక్కకు ఒక ఊహాత్మకమైన వెల కట్టాలి: 5 మీటర్ల ముక్క వెల అర కడ్డీ, మూడున్నర మీటర్ల ముక్క వెల పావు కడ్డీ అనుకోవాలి. ఈ వెలల ప్రకారం మొదటి నమూనాలో కోసిన కడ్డీ విలువ సరిగ్గా ఒక కడ్డీ, మూడవ నమూనాలో కోసినదానిదీ ఒక కడ్డీయే, రెండవ నమూనాలో కోసినది ముప్పావు కడ్డీ మాత్రమే. ఎవరు ఎంత తెలివిగా కోసినా ఒక కడ్డీ నుంచి ఒక కడ్డీ విలువకు మించి రాబట్టలేరన్నమాట. కావలసిన సరుకు మొత్తం విలువ 60 అరలు, 80 పావులు, అంటే 30, 20 కలిసి 50 కడ్డీలు. కాబట్టి 50కి తక్కువతో పని జరగదు. కొన్ని పంక్తుల్లో ముగిసిన ఈ వాదన ఏ నమూనాను ఎన్నిసార్లు వాడాలో వెదకలేదు, ఎంపికలను ఒక్కటీ లెక్కపెట్టలేదు. అయినా వాటన్నిటి మీదా ఒకేసారి తీర్పు చెప్పింది. ఇలాంటి వెలలను నీడ ధరలు అంటారు, వాటితో వచ్చే 50 వంటి సంఖ్యను దిగువ హద్దు అంటారు. చేతిలో ఉన్న జవాబు దిగువ హద్దును తాకితే వెదుకులాట అక్కడితో ఆపవచ్చు; తాకకపోతే మధ్యలో ఉన్న ఖాళీయే అజ్ఞానానికి కొలత.

ఈ వెలలను మొదట గుర్తించినవాడు లెనిన్‌గ్రాద్ విశ్వవిద్యాలయంలో శుద్ధ గణితం చెబుతుండిన లియొనీద్ కాంతరోవిచ్. 1938లో ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల వారు ఎనిమిది పొరచెక్క యంత్రాలకు ఐదు రకాల కలపను ఎలా పంచితే ఉత్పత్తి ఎక్కువవుతుందని అడగగా, ఆ ప్రశ్న వెనుక పరిశ్రమలన్నిటికీ వర్తించే ఒక గణిత రూపం ఉన్నదని ఆయన కనిపెట్టి, 1939లో ఉత్పత్తి వ్యవస్థీకరణ, ప్రణాళికల గణిత పద్ధతుల మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. పదార్థాలను వృథా లేకుండా కోసే సమస్య కూడా అందులోనే ఉంది. పరిమితులూ, లక్ష్యమూ అన్నీ మొదటి ఘాతపు సమీకరణాలుగా, అసమీకరణాలుగా రాయగలిగే ఈ రకం సమస్యలకే తరువాత లీనియర్ ప్రోగ్రామింగ్ అన్న పేరు వచ్చింది. కాంతరోవిచ్ తన వెలలకు ధరలన్న పేరు పెట్టకుండా పరిష్కార గుణకాలని జాగ్రత్తగా పిలిచాడు. వస్తువు విలువ శ్రమ నుంచే పుడుతుందన్న సిద్ధాంతం అధికారికమైన దేశంలో, కొరత నుంచి విలువను లెక్కగట్టే గుణకం అనుమానాస్పదమైన సరుకే. 1942లో ఆయన రాసిన ఆర్థిక గ్రంథం అచ్చయింది 1959లో. కోత లెక్కకు మాత్రం అంత అడ్డు రాలేదు: లెనిన్‌గ్రాద్‌లోని యెగొరోవ్ రైలు పెట్టెల కర్మాగారంలో జల్‌గాల్లెర్‌తో కలిసి చేసిన పని ఆధారంగా పారిశ్రామిక పదార్థాల హేతుబద్ధమైన కోత మీద 1951లో ఒక పుస్తకమే వచ్చింది. అమెరికాలో జార్జి డాంట్జిగ్ ఇదే రకం సమస్యలను తీర్చే సింప్లెక్స్ పద్ధతిని 1947లో స్వతంత్రంగా కనుగొన్నాడు. 1975 ఆర్థికశాస్త్ర నోబెల్ కాంతరోవిచ్‌కూ ట్యాలింగ్ కూప్‌మన్స్‌కూ దక్కి డాంట్జిగ్‌కు దక్కకపోవడం ఆ బహుమతి చరిత్రలో సమర్థించడానికి కష్టమైన నిర్ణయాల్లో ఒకటి.

పై లెక్కలో నమూనాలు మూడే గనుక అన్నిటినీ కాగితం మీద పెట్టుకోవడం సాధ్యమైంది. కాగితం మిల్లులో పెద్ద రీలును పదుల కొద్దీ వెడల్పులకు కోయవలసినప్పుడు నమూనాలు లక్షలు దాటి కోట్లకు చేరతాయి, వాటిని ఊరికే రాయడమే అసాధ్యమవుతుంది. 1961లో ఐబీఎం సంస్థకు చెందిన పాల్ గిల్మోర్, రాల్ఫ్ గొమొరీ దీనికి కనిపెట్టిన మార్గం ఎంత సూటిగా ఉందో మన కడ్డీల లెక్కతోనే చెప్పవచ్చు. మొదట రెండు అమాయకపు నమూనాలే తెలుసుననుకుందాం: 5 మీటర్లవి రెండు, మూడున్నరవి మూడు. వాటి ప్రకారం ముక్కల వెలలు అర కడ్డీ, మూడో వంతు కడ్డీ. ఈ వెలలతో ఒక కడ్డీ నుంచి అతి ఎక్కువ విలువను పిండగల కోత ఏదని అడగాలి. ఇది పరిమితమైన సంచిలో అతి విలువైన వస్తువులను సర్దే చిన్న సమస్యే, దాన్ని తీర్చడానికి సులువైన మార్గాలున్నాయి. జవాబు: 5 మీటర్లది ఒకటి, మూడున్నరవి రెండు, విలువ ఒక కడ్డీ మీద ఆరో వంతు ఎక్కువ. ఒక కడ్డీకి మించిన విలువ తేగల కోత కనిపించిందంటే అది ప్రణాళికలోకి రావలసిందే. దాన్ని చేర్చుకున్నాక వెలలు అర, పావుగా మారతాయి, మళ్ళీ అదే ప్రశ్న వేస్తే ఒక కడ్డీని మించే కోత ఇక దొరకదు, పని ముగుస్తుంది. కోట్ల నమూనాలున్న చోట కూడా ఇలా అవసరమైనవాటినే ఒక్కొక్కటిగా పిలిపించుకోవడాన్ని కాలమ్ జనరేషన్ అంటారు. వెల కట్టడం, కట్టిన వెలను ఓడించే కోత కోసం వెదకడం, ఓడితే వెల మార్చడం అనే ఈ వాదప్రతివాదం అనువర్తిత గణితంలోని అత్యంత సుందరమైన యుక్తుల్లో ఒకటనడం అతిశయోక్తి కాదు.

అయితే ఈ పద్ధతి ఇచ్చే జవాబులో ఒక నమూనాను పదమూడున్నర సార్లు కోయమని రావచ్చు, అరసారి కోయడం అనేది కర్మాగారంలో లేదు. కోత సమస్యలో ఇది పెద్ద చిక్కు కాదు, భిన్నాలను సవరించినందువల్ల సాధారణంగా ఒక కడ్డీకి మించి నష్టముండదు. దారి లెక్కలో మాత్రం భిన్నాలే అసలు శత్రువు.

దారి లెక్కను 1930లో వియన్నాలో కార్ల్ మెంగర్ వార్తాహరుని సమస్యగా గణితజ్ఞుల ముందుంచాడు. 1954లో రాండ్ సంస్థకు చెందిన డాంట్జిగ్, ఫల్కర్సన్, జాన్సన్ అమెరికాలోని అప్పటి 48 రాష్ట్రాల నుంచి ఒక్కొక్క నగరాన్నీ, వాటితోపాటు వాషింగ్టన్ డి.సి.నీ తీసుకొని, ఆ 49 నగరాలను చుట్టివచ్చే 12,345 మైళ్ళ దారిని చూపి, దానికన్నా చిన్నది లేదని రుజువు చేశారు. వారి పద్ధతి కోరికను ముందు సడలించడంతో మొదలవుతుంది. ప్రతి నగరాన్ని తాకుతూ రెండు రోడ్లుంటే చాలునని మాత్రమే అడిగితే లెక్క సులువవుతుంది గాని, దేశమంతా తిరిగే ఒక్క చుట్టుకు బదులు తూర్పున ఒకటి, పడమర ఒకటి చొప్పున తెగిపోయిన చిన్న చుట్లు వస్తాయి. అప్పుడు ఆ చుట్టులోని నగరాల గుంపు నుంచి బయటికి కనీసం రెండు రోడ్లు ఉండితీరాలన్న నిబంధన చేరుస్తారు. ఈ నిబంధన నిజమైన దారులు దేనికీ అడ్డురాదు, అప్పుడు వచ్చిన తప్పుడు జవాబును మాత్రం తొలగిస్తుంది. ఇలా చేర్చే నిబంధనలను కటింగ్ ప్లేన్‌లని పిలుస్తారు. ఒక్కొక్కటి చేరినకొద్దీ దిగువ హద్దు పైకి జరుగుతుంది, ముందే ఊహించి పెట్టుకున్న దారి పొడవును తాకినప్పుడు రుజువు పూర్తవుతుంది. సాధ్యమైన నిబంధనల సంఖ్య నగరాల సంఖ్యతో పాటు విపరీతంగా పెరిగినా, వాటిలో కొద్దిపాటివే నిజంగా అవసరం పడతాయన్నది ఆ ముగ్గురూ గుర్తించిన సంగతి. కంప్యూటరుకు అప్పగించకుండా చేత్తో సాగించిన ఆ లెక్కలోని ఆలోచనను పెంచుకుంటూ పోవడం వల్లనే ఆపిల్‌గేట్, బిక్స్‌బీ, ఖ్వాటల్, కుక్ రాసిన కాంకార్డ్ అన్న ప్రోగ్రాం తయారైంది. దాని సాయంతో 2004లో స్వీడన్‌లోని 24,978 ఊళ్ళకు, 2006లో ఒక చిప్ తయారీకి సంబంధించిన 85,900 బిందువులకు ఉత్తమమైన దారులు రుజువులతో సహా తేలాయి. 25 ఊళ్ళకు 98 లక్షల ఏళ్ళు పట్టే లెక్కింపుకూ దీనికీ మధ్య తేడా యంత్రంలో లేదు, హద్దులు కట్టడంలో ఉంది.

నిబంధనలు చేర్చినా భిన్నం వదలనప్పుడు, అనుమానం ఉన్న ఒక రోడ్డును వాడితీరాలని ఒక కొమ్మగా, వాడకూడదని మరో కొమ్మగా సమస్యను చీల్చి, ఏ కొమ్మ దిగువ హద్దు చేతిలోని జవాబును మించిపోతుందో దాన్ని లోపలికి చూడకుండానే నరికివేయడం రెండవ మార్గం. లండన్‌లో ఐల్సా లాండ్, అలిసన్ డోయిగ్ 1960లో దీన్ని ప్రచురించారు. బ్రాంచ్ అండ్ బౌండ్ అన్న పేరు మాత్రం 1963లో సేల్స్‌మన్ సమస్య మీద లిటిల్, మూర్తి, స్వీనీ, కారెల్ రాసిన వ్యాసంతో వచ్చింది. ఆ నలుగురిలో రెండవవారు కలకత్తాలోని భారత గణాంక సంస్థ నుంచి అమెరికా వెళ్ళి, ఆ తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన కట్టా గోపాలకృష్ణ మూర్తి. ఇప్పుడు ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఆ పేరు పుట్టిన చోట ఒక తెలుగు ఇంటిపేరు ఉన్న సంగతి మన విద్యార్థులకు తెలియవలసినంతగా తెలియదు.

ఇంత సాధించినా ఏ దారి లెక్కనైనా త్వరగా తీర్చి తీరుతుందన్న హామీ ఉన్న పద్ధతి ఏదీ ఇంతవరకూ దొరకలేదు. స్టీఫెన్ కుక్ 1971లో వేసిన పునాది మీద రిచర్డ్ కార్ప్ 1972లో 21 సమస్యలను చూపి, వాటిలో ఏ ఒక్కదానికి త్వరితమైన పద్ధతి దొరికినా మిగిలినవాటన్నిటికీ దొరికినట్టేనని నిరూపించాడు. సంచి సర్దడం, ఊళ్ళన్నీ చుట్టిరాగల దారి ఉన్నదా లేదా అని తేల్చడం ఆ జాబితాలోనివే. ఎన్‌పీ-కంప్లీట్ అన్న ఈ ముద్రను చూపించి సమస్య అసాధ్యమని చేతులెత్తేయడం పరిశోధన వ్యాసాల్లో ఒక అలవాటుగా మారింది. కార్ప్ ఫలితం అతి మొండి ఉదాహరణల గురించి చెబుతుందే తప్ప, ఫలానా డిపో, ఫలానా వంద బంకుల గురించి ఏమీ చెప్పదు; 85,900 బిందువుల లెక్క తేలింది ఆ ముద్ర పడిన సమస్యలోనే.

వాహనాలు ఒకటికి మించి, ఒక్కొక్కదానికి మోయగల బరువుకు పరిమితి కూడా ఉన్నప్పుడు లెక్క మరింత మొండికేస్తుంది. పెట్రోలు ట్యాంకర్లను బంకులకు పంపే ఈ సమస్యను 1959లో డాంట్జిగ్, రామ్‌సర్ ప్రవేశపెట్టారు. కోత లెక్క ఇక్కడ ఊహించని విధంగా తిరిగి వస్తుంది: ఒక కడ్డీని కోసే ప్రతి తీరూ ఒక నమూనా అయినట్టే, ఒక వాహనం చేయగల ప్రతి చుట్టూ ఒక నమూనా, ముక్కలకు వెల కట్టినట్టే ఒక్కొక్క బంకుకు వెల కట్టి, ఆ వెలల మొత్తం కన్నా తక్కువ ఖర్చుతో తిరిగే చుట్టు ఏదన్నా ఉన్నదా అని అడగవచ్చు. సరుకు ఫలానా వేళల మధ్యే చేరాలన్న నియమమున్న సమస్యలను డెరోషే, డెరోజియే, సాలమన్ 1992లో ఈ దారినే పరిష్కరించారు, విమాన సిబ్బంది కేటాయింపు కూడా ఇదే మార్గంలో నడుస్తుంది. కడ్డీలకూ పైలట్లకూ ఒకే యుక్తి పనికివచ్చిందంటే, వస్తువుల స్వభావంతో నిమిత్తం లేకుండా సమస్య ఆకృతిని మాత్రమే చూడగల గణితపు చూపే కారణం.

రుజువు అడగకుండా మంచి జవాబుతో సరిపెట్టుకునే పద్ధతులను హ్యూరిస్టిక్‌లంటారు. దారిలోని కొన్ని రోడ్లను తీసి వేరేవి కలిపి చూసే లిన్, కెర్నిగన్‌ల 1973 నాటి పద్ధతి, కరిగిన లోహం నెమ్మదిగా చల్లారే తీరును అనుసరించి మధ్యమధ్య చెడ్డ మార్పులను కూడా ఒప్పుకునే 1983 నాటి సిమ్యులేటెడ్ అనీలింగ్ వీటిలో గౌరవించదగినవి. ఆ తరువాత చీమలతో మొదలై తేనెటీగలు, కోకిలలు, గబ్బిలాలు, తోడేళ్ళ పేర్లతో వరదలా వచ్చిన వాటిలో చాలాభాగం పాత పద్ధతులకు కొత్త వేషాలేనని కెన్నెత్ సోరెన్సెన్ 2015లో చేసిన విమర్శ కటువైనదే గాని న్యాయమైనది. వాటిలో లోటు జంతువులు కావు. దొరికిన జవాబు ఉత్తమానికి ఎంత దూరంలో ఉందో చెప్పే హద్దు అనేక వ్యాసాల్లో ఉండదు, ఒక హ్యూరిస్టిక్‌ను మరో హ్యూరిస్టిక్‌తో పోల్చి గెలుపు ప్రకటించడంతో అవి ముగుస్తాయి.

హద్దు తెలిసినప్పుడు మోటు పద్ధతి కూడా గౌరవప్రదమవుతుంది. అమెరికాలోని అట్లాంటాలో వృద్ధులకు ఇంటింటికీ భోజనం అందించే ఒక సేవాసంస్థకు కంప్యూటరు కొనే స్తోమత లేని రోజుల్లో, 1980ల తొలినాళ్ళలో, బార్తోల్డీ, ప్లాట్జ్‌మన్, వారి సహచరులు ఒక కార్డుల డబ్బాతో నడిచే ఏర్పాటు చేసిపెట్టారు. నగరపు పటాన్నంతా సందు విడవకుండా తాకుతూ పోయే ఒక వంపుల గీత మీద ప్రతి చిరునామాకూ ఒక సంఖ్య ఇచ్చి, కార్డులను ఆ సంఖ్యల వరుసలో పేర్చి, ఆ వరుసను డ్రైవర్ల మధ్య ముక్కలుగా పంచడమే పద్ధతి; లబ్ధిదారులు తరచు మారుతున్నా ఒక కార్డు తీసి మరొకటి పెడితే సరిపోతుంది. యాదృచ్ఛికంగా చెదిరి ఉన్న బిందువులపై ఇది ఇచ్చే దారి ఉత్తమమైనదాని కన్నా సుమారు 25 శాతం పొడవు. ఈ అంచనా వెనుక ఉన్న సూత్రానికి మన దేశంలోనూ ఒక మూలం ఉంది: బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణపు నమూనా సర్వేకు ఖర్చు అంచనా వేస్తూ ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1940లో, సర్వే బృందం తిరగవలసిన దూరం బిందువుల సంఖ్యకు వర్గమూలంగా పెరుగుతుందని, అంటే బిందువులు నాలుగింతలైతే దారి రెండింతలే అవుతుందని లెక్కగట్టాడు. బియర్డ్‌వుడ్, హాల్టన్, హామర్స్‌లీ దాన్ని 1959లో కచ్చితమైన సిద్ధాంతంగా నిలబెట్టారు.

త్రిభుజ నియమాన్ని పాటించే దూరాలకు, అంటే నేరుగా వెళ్ళడం కన్నా మధ్యలో మరో ఊరు తిరిగి వెళ్ళడం ఎన్నడూ దగ్గర కాని చోట, ఉత్తమ దారికి ఒకటిన్నర రెట్లకు మించని దారిని త్వరగా ఇచ్చే పద్ధతిని 1976లో క్రిస్టోఫిడెస్, దాదాపు అదే కాలంలో సోవియట్ యూనియన్‌లో సెర్ద్యుకోవ్ కనుగొన్నారు. ఆ ఒకటిన్నరను తగ్గించడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. 2020లో కార్లిన్, క్లైన్, ఒవైస్ ఘరాన్ సాధించిన తగ్గింపు దశాంశ బిందువు తరువాత ముప్పై అయిదు సున్నాలు దాటాక గాని మొదలు కాదు. ఏ ట్యాంకరుకూ దానితో ఒక అంగుళం కలిసిరాదు, అయినా ఒకటిన్నర వద్ద కనిపించిన గోడ నిజమైన గోడ కాదని దానితో తేలింది. 1954లో డాంట్జిగ్ బృందం చేర్చిన గుంపుల నిబంధనలన్నిటినీ పాటిస్తూ, భిన్నాలను మాత్రం అనుమతించే లెక్క ఇచ్చే దిగువ హద్దు ఇలాంటి దూరాల్లో ఉత్తమ దారి పొడవులో ముప్పాతికకు ఎన్నడూ తగ్గదన్నది చాలామంది నిపుణుల విశ్వాసం. ముప్పాతికకు చేరువయ్యే ఉదాహరణలు తెలుసు, అంతకన్నా దిగువకు పోయే ఉదాహరణ ఒక్కటీ దొరకలేదు, రుజువు కూడా దొరకలేదు.